సార్ చెప్పడం అయిపోయింది.. మరి మీరెప్పుడు చెప్తారు?

లెక్చర్, వీడియో, చర్చ, ప్రాజెక్టు.. వీటిలో ఏది గొప్పదని వాదించుకోవడం కన్నా దేన్ని ఎప్పుడు వాడాలో తెలుసుకోవడం మేలు. నల్గొండ, పాలమూరు కాలేజీల్లో చదువుతూ ఉద్యోగం మీద కన్నేసిన మీకు ఈ సంగతి ఎందుకు పట్టాలంటే...

బావి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంది. మరిగించి తాగితే పోతుందా, పోదా?

రేపు మీ క్లాసులో ఈ ప్రశ్న వేసి చేతులెత్తమనండి. కెమిస్ట్రీ వాళ్లయినా సరే. 'పోతుంది' అని లేచే చేతులు తక్కువేం ఉండవు. మరిగిస్తే క్రిములు చస్తాయి కాబట్టి నీళ్లలో ఉన్న ఏ చెడైనా పోతుందన్నది ఇంట్లో విని విని మనకు ఒంటబట్టిన నమ్మకం. కానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు, ఆవిరయ్యేది నీళ్లే. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 10 లీటర్ల నీళ్లను 8 లీటర్లయ్యేదాకా మరిగించారనుకోండి. మొత్తం ఫ్లోరైడ్ 30 మిల్లీగ్రాములు అలాగే ఉంటుంది. అంటే ఇప్పుడు లీటరుకు 3.75. తగ్గాల్సింది పోయి పెరిగింది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు ఎక్కువలో ఎక్కువ 1.5.

ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ విన్యాసం గడగడా చెప్పి, సెమిస్టర్‌లో మంచి గ్రేడ్ తెచ్చుకున్న వాళ్లు కూడా ఇక్కడ తడబడొచ్చు. అదీ ఎక్కడ? ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంగిపోయిన మనుషులను కళ్లారా చూసిన నల్గొండ జిల్లాలో. తప్పు మీది కాదు, సార్లదీ కాదు. ఒకరు గంటసేపు చెప్పి, అరవై మంది రాసుకునే క్లాసులో ఇలాంటి ప్రశ్న దూరడానికి సందే ఉండదు.

దీనికి విరుగుడుగా వినిపించే మాట 'విద్యార్థి కేంద్రిత బోధన'. నిజం చెప్పాలంటే చాలా కాలేజీల్లో ఈ మాట న్యాక్ బృందం వస్తుందన్నప్పుడే గోడల మీదకెక్కుతుంది. న్యాక్ లెక్కలో దీనికి సూటిగా ఒక అంశమే ఉంది. అనుభవంతో నేర్చుకోవడం, పాలుపంచుకుంటూ నేర్చుకోవడం, సమస్యను పరిష్కరిస్తూ నేర్చుకోవడం మీ కాలేజీలో ఎలా జరుగుతున్నాయో రాయమంటుంది. ఫైల్లో అన్నీ జరిగిపోతుంటాయి. క్లాసులో మాత్రం డిక్టేషన్ నడుస్తుంటుంది.

హార్వర్డ్‌లోనూ ఇదే గోల

ఎరిక్ మజూర్ అనే ఆయన హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్. లెక్చర్ బాగా చెప్తాడని పేరు, విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ కూడా బాగుండేది. అయితే న్యూటన్ సూత్రాల మీద లెక్కల్లేకుండా మామూలు మాటల్లో ప్రశ్నలడిగే ఒక టెస్టు పెడితే, కష్టమైన లెక్కలు చేసేవాళ్లే ఆ తేలిక ప్రశ్నల్లో బోల్తా పడ్డారు. లారీ, కారు ఢీకొంటే ఏది ఎక్కువ బలం చూపిస్తుందన్న తరహా ప్రశ్నలవి. రెండింటి మీదా సమానమే. మూడో సూత్రం అందరికీ నోటికొచ్చు, కానీ లారీ కనబడగానే సూత్రం ఎగిరిపోతుంది.

1991 నుంచి ఆయన క్లాసు తీరు మార్చాడు. కాసేపు చెప్పడం, ఒక ప్రశ్న వేయడం, ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకోవడం, తర్వాత పక్కవాళ్లను ఒప్పించే ప్రయత్నం చేయడం, మళ్లీ ఓటు వేయడం. దీనికి 'పీర్ ఇన్‌స్ట్రక్షన్' అని పేరు. ఇందులో కిటుకు ప్రశ్న ఎంపికలోనే ఉంది. అందరికీ తెలిసిన ప్రశ్నయితే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు, ఎవరికీ తెలియనిదైతే గుడ్డివాళ్లకు గుడ్డివాళ్లు దారి చూపినట్టే. సగానికి అటూ ఇటూగా సరైన జవాబులొచ్చే ప్రశ్న కావాలి. మన ఫ్లోరైడ్ ప్రశ్న సరిగ్గా అలాంటిది. దీనికి ప్రొజెక్టర్ అక్కర్లేదు, క్లిక్కర్లు అక్కర్లేదు. ఎ అయితే ఒక వేలు, బి అయితే రెండు వేళ్లు.

పక్కోడు చెప్తే సార్ చెప్పినదానికన్నా బాగా ఎందుకెక్కుతుంది? సార్‌కు ఆ విషయం అర్థమై ఇరవై ఏళ్లయింది. అర్థం కాకముందు ఎక్కడ ఇరుక్కున్నారో ఆయనకు గుర్తుండదు. మీ పక్కనున్న పిల్లకు రెండు నిమిషాల కిందటే అర్థమైంది, ఇరుక్కున్న చోటు ఇంకా పచ్చిగానే ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మాట తెలుగులో చెప్తుంది. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి, ఇంగ్లిష్ మీడియం డిగ్రీలో పడ్డవాళ్లు మన రెండు జిల్లాల్లో ఎందరున్నారో మీకే తెలుసు. మొదట తెలుగులో తేల్చుకుని, తర్వాత అదే జవాబును ఇంగ్లిష్‌లో రెండు వాక్యాల్లో రాయడం నా లెక్కన వాళ్లకు స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఇదంతా పని చేస్తుందనడానికి లెక్క ఉందా అంటే ఉంది. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజినీరింగ్, గణిత కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. కేవలం లెక్చర్ ఉన్న క్లాసుల్లో సగటున 33.8 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థుల చేత ఏదో ఒకటి చేయించిన క్లాసుల్లో 21.8 శాతం మంది ఫెయిలయ్యారు. వంద మంది క్లాసులో పన్నెండు మంది తేడా. బ్యాక్‌లాగ్ ఉంటే డ్రైవ్‌కే రానివ్వని కంపెనీలున్నాయి కదా. ఆ పన్నెండు మందిలో మీరుంటే ఆ తేడా ఎంతో చెప్పక్కర్లేదు.

నచ్చదు. అది కూడా తెలుసుకోండి

ఇలాంటి క్లాసు మొదట్లో మీకు నచ్చదు. 'సార్ ఏం చెప్పట్లేదు, మమ్మల్నే మాట్లాడుకోమంటున్నాడు' అనిపిస్తుంది. 2019లో హార్వర్డ్‌లోనే ఫిజిక్స్ విద్యార్థుల మీద ఒక ప్రయోగం జరిగింది. ఒకే పాఠాన్ని కొందరు నున్నగా సాగే లెక్చర్‌గా విన్నారు, కొందరు గుంపులుగా కుస్తీ పడ్డారు. ఎంత నేర్చుకున్నారో చెప్పమంటే లెక్చర్ విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామన్నారు. టెస్టు పెడితే ఫలితం తిరగబడింది. కుస్తీ పడ్డవాళ్లకే మార్కులు ఎక్కువ.

మంచి లెక్చర్ వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. అది సార్‌కు అర్థమైంది, మనకు కాదు. యూట్యూబ్‌లో కోడింగ్ వీడియోలు చూసేవాళ్లకు ఇది బాగా అనుభవం. వీడియోలో ఆయన టైప్ చేస్తుంటే అంతా తేలిగ్గానే ఉంటుంది. ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటే మొదటి లైనే రాదు.

పుస్తకం విషయంలోనూ అంతే. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో చేసిన ప్రయోగంలో ఒక జట్టు పాఠాన్ని రెండుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లు 42 శాతం చెప్పగలిగారు, రాసి చూసుకున్నవాళ్లు 56 శాతం. పరీక్ష ముందు రాత్రి బట్టీ ఎందుకు పనిచేస్తుందో, ఇంటర్వ్యూ నాటికి ఎందుకు మిగలదో ఇందులోనే ఉంది.

అలాగని లెక్చర్‌ను తిట్టకండి

ఈ మధ్య 'లెక్చర్ చచ్చిపోయింది' అనడం ఫ్యాషనైంది. నేను ఒప్పుకోను. అసలేమీ తెలియని విషయంలో గ్రూప్ డిస్కషన్ పెడితే ఏమవుతుందో మనందరం చూశాం. ఐదుగురు ఫోన్లు తీస్తారు, ఒకరు గూగుల్ చేసి చదువుతారు, అందరూ తలూపుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదట ఎవరో ఒకరు ఒక లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేసి చూపించాలి. జాన్ స్వెల్లర్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 1980లలోనే ఆల్జీబ్రా నేర్చుకునేవాళ్ల మీద ఇది చూపించాడు. మొదటి దశలో సొంతంగా కొట్టుకుపోయినవాళ్ల కన్నా, చేసి చూపించిన లెక్కలను చదివినవాళ్లే తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారు. పట్టు దొరికాక వ్యవహారం మారిపోతుంది. అప్పుడు చూపిస్తూ కూర్చుంటే విసుగు, చేయిస్తే లాభం.

కాబట్టి అసలు ప్రశ్న లెక్చరా, చర్చా అన్నది కాదు. ఏది ముందు, ఏది తర్వాత, దేనికెంతసేపు అన్నది. గాలిలో చెప్పకుండా మన ఊరి పేరున్న పాఠంతోనే చూద్దాం.

నల్గొండ టెక్నిక్ అని ఒక పద్ధతి ఉంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్లింది. ప్రపంచమంతా నీటి ఇంజినీరింగ్ పుస్తకాల్లో 'నల్గొండ' అనే పేరు కనిపించేది దీనివల్లే. కావాల్సినవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. నీళ్లలో కలిపి మొదట జోరుగా, తర్వాత నెమ్మదిగా తిప్పాలి. తెట్టెలు కట్టి అడుగుకు దిగుతాయి, వాటితోపాటు ఫ్లోరైడూ దిగుతుంది. పైన తేరిన నీళ్లను వడగట్టుకోవాలి. పెద్ద ట్యాంకులో చేయొచ్చు, ఇంట్లో బకెట్లో కూడా చేయొచ్చు.

దీన్ని ఒక వారంలో చెప్పాలనుకోండి. ముందురోజు పది నిమిషాల వీడియో లేదా రెండు పేజీలు. క్లాసుకు రాగానే సార్ పావుగంట పటిక నీళ్లలో ఎలా విడిపోతుందో సమీకరణంతో సహా బోర్డు మీద చేసి చూపిస్తారు. తర్వాత ఒక ప్రశ్న: పటిక వేస్తే నీళ్ల పీహెచ్ పెరుగుతుందా, తగ్గుతుందా? వేళ్లు లేస్తాయి. ఐదు నిమిషాలు వాదన. అల్యూమినియం హైడ్రాక్సైడ్ అయ్యేటప్పుడు ఆమ్లం పుడుతుంది కాబట్టి తగ్గుతుంది, అందుకే సున్నం కలుపుతున్నారని ఎవరో ఒకరు కనిపెడతారు. సార్ చెప్పి ఉంటే 'సున్నం కలపాలి' అనేది ఇంకో పాయింటయ్యేది. ఇప్పుడు అది ఒక కారణంతో వచ్చింది. మర్నాడు ల్యాబ్‌లో బకెట్ ప్రయోగం. మూడు జట్లు మూడు మోతాదుల్లో పటిక వేస్తాయి. ఫ్లోరైడ్ కొలిచే మీటరు లేకపోతే ఫీల్డ్ టెస్టు కిట్టు చాలు, పీహెచ్ పేపరు ఎలాగూ ఉంటుంది. ఆ తర్వాత అసలు చిక్కు ముడి: ఇంత మంచి పద్ధతి చాలాచోట్ల ఎందుకు నిలబడలేదు? అడుగున మిగిలిన బురదను ఎక్కడ పారబోయాలి? నీళ్లలో మిగిలిపోయే అల్యూమినియం సంగతేంటి? రోజూ మోతాదు సరిగ్గా వేసే మనిషెవరు? ఇక్కడికొచ్చేసరికి పాఠం కెమిస్ట్రీ దాటి ఎకనామిక్స్‌లోకి, పంచాయతీ పాలనలోకి వెళ్లిపోయింది. ఇవి చెప్పించుకునే ప్రశ్నలు కావు. ఊళ్లోకి వెళ్లి అడగాలి.

ఒక వారం, నాలుగు పద్ధతులు. దేన్ని తీసేసినా కుంటుతుంది. లెక్చర్ తీసేస్తే పటిక ఎలా విడిపోతుందో తెలియదు, వాదన తీసేస్తే సున్నం ఎందుకో తెలియదు, ల్యాబ్ తీసేస్తే మోతాదు అంటే ఏంటో తెలియదు, ఊరు తీసేస్తే ఇదంతా ఎందుకో తెలియదు.

వీడియో ఇంటి దగ్గర.. సరే, ఫోన్ ఎవరిది?

ముందు ఇంట్లో వీడియో, క్లాసులో పని. దీన్ని 'ఫ్లిప్డ్ క్లాస్' అంటారు. 2007లో అమెరికాలోని కొలరాడోలో ఒక చిన్న ఊరి స్కూల్లో జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు దీన్ని వాడకంలోకి తెచ్చారు. దాని వెనక పెద్ద సిద్ధాంతమేం లేదు. దూరంలో జరిగే ఆటల పోటీలకు వెళ్లి క్లాసులు పోగొట్టుకునే పిల్లల కోసం పాఠాలు రికార్డు చేశారు. తర్వాత, పాఠం ఎలాగూ రికార్డయింది కదా, క్లాసు టైమును ఇంకోదానికి వాడుకుందామనుకున్నారు.

మన దగ్గర క్లాసు పోవడానికి కారణాలు వేరు. దేవరకొండ వైపు నుంచో, కొడంగల్ వైపు నుంచో పొద్దున బస్సు తప్పితే మొదటి పీరియడ్ పోయినట్టే. పత్తి ఏరే రోజుల్లో అటెండెన్స్ రిజిస్టర్ చూస్తే ఏ ఇంట్లో మనుషులు తక్కువో తెలిసిపోతుంది. రికార్డయిన పాఠం అవసరం కొలరాడో కన్నా మనకే ఎక్కువ. కానీ ఇంటికంతా ఒకే స్మార్ట్‌ఫోన్ ఉండి, అది తమ్ముడి చేతిలో ఉంటే అక్క వీడియో ఎప్పుడు చూస్తుంది? ఈ ప్రశ్న అడగకుండా 'రేపటికి వీడియో చూసి రండి' అంటే వెనకబెంచీ వాళ్లను ఇంకా వెనక్కి నెట్టడమే. దీనికి మందు పెద్దదేం కాదు. వీడియోకు బదులు రెండు పేజీల జిరాక్స్ ఇచ్చినా పని నడుస్తుంది. కాలేజీ లైబ్రరీ కంప్యూటర్ గంట సేపు తెరిచి ఉంచొచ్చు. ఇంట్లో టీవీ ఉంటే టీ-శాట్ విద్య, టీ-శాట్ నిపుణ చానళ్లున్నాయి, యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి.

స్వయం, ఎన్‌పీటెల్ కోర్సుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. కానీ ఎక్కువమంది వాటిని సర్టిఫికెట్ కోసం చేసి మర్చిపోతారు. ఎన్‌పీటెల్‌లో మార్కుల లెక్క చూడండి: వారంవారం అసైన్‌మెంట్లకు 25, చివర సెంటర్‌కెళ్లి రాసే పరీక్షకు 75. అసైన్‌మెంట్లు కాపీ కొట్టి పాతిక తెచ్చుకున్నవాళ్లు ఆ 75 దగ్గర కూలబడతారు. చదవడం ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసుకోనివ్వడానికి యూనివర్సిటీలకు వీలుంది. మీ కాలేజీలో ఆ క్రెడిట్లు కలుపుతారో లేదో ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అడిగి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

గ్రూప్ వర్క్ అంటే ఒకడు చేయడం, నలుగురు సంతకం పెట్టడమా?

అదే మనందరి అనుభవం. ఇంజినీరింగ్‌లో మా బ్యాచ్ మినీ ప్రాజెక్టులు ఎలా నడిచాయో రాస్తే ఈ పేజీ చాలదు. దీనికో పాత విరుగుడుంది. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ స్కూళ్లలో నల్ల, తెల్ల పిల్లలను ఒకే క్లాసులో కూర్చోబెట్టడం మొదలుపెడితే కొట్లాటలయ్యాయి. ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. మీ ముక్క మీ దగ్గర మాత్రమే ఉంటుంది. మీరు చెప్తేనే మిగతావాళ్లకు తెలుస్తుంది. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. దాన్ని 'జిగ్‌సా' అన్నారు. ఎవరితో ఎవరూ మాట్లాడని క్లాసు కోసం పుట్టిన పద్ధతి ఇది. అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు ఒకవైపు, హాస్టల్ వాళ్లు వెనక, టౌన్ వాళ్లు ముందు కూర్చునే మన క్లాసులకు కొలిచి కుట్టినట్టు ఉంటుంది.

ఇక ప్రాజెక్టు. దీనికి దూరం వెళ్లక్కర్లేదు. జడ్చర్ల డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. ఒక ప్రభుత్వ కాలేజీ తన స్థలంలోనే మొక్కల లైబ్రరీని పెంచుకుంది. బాటనీ విద్యార్థికి హెర్బేరియం షీటు మీద ఎండిన ఆకు చూడటానికీ, అదే మొక్క పూతకొచ్చేదాకా చూడటానికీ తేడా చెప్పాలా? మహబూబ్‌నగర్ పక్కనే పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్ల చెట్టుగా పేరు. చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే 2018లో దానికి సెలైన్ బాటిళ్లు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఫొటోలు దేశమంతా తిరిగాయి. మందును మొదలు చుట్టూ పోయకుండా బొట్టుబొట్టుగా ఎందుకెక్కించారు? చెట్టులో ఏ కణజాలం గుండా పైకి పోతుంది? ఒక్క ఫొటోతో ప్లాంట్ ఫిజియాలజీ యూనిట్ మొత్తం మొదలుపెట్టొచ్చు. సెల్ఫీ దిగొచ్చినవాళ్లలో ఎంతమందికి ఈ ప్రశ్న వచ్చింది?

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఉన్నవాళ్లకు 'జిజ్ఞాస' అనే స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టుల పోటీ ఉంది. కళాశాల విద్యాశాఖ నడుపుతుంది. బహుమతి సంగతి తర్వాత, మీ ఊరి సమస్య మీద పనిచేసి దాన్ని కొత్తవాళ్ల ముందు నిలబడి వివరించే అవకాశం డిగ్రీలో ఇంకెక్కడా రాదు. నోటీసుబోర్డు మీద కనబడితే వదలకండి.

ఇంటర్వ్యూ గదిలో

నల్గొండలో, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఐటీ టవర్లొచ్చాయి. హైదరాబాద్ ఎలాగూ దగ్గరే. ఎక్కడికి వెళ్లినా ఫ్రెషర్ ఇంటర్వ్యూలో రెజ్యూమెలో ప్రాజెక్టు దగ్గర వేలు ఆగుతుంది. 'ఇందులో మీరేం చేశారు?' మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెప్తారు. రెండోది, 'అది కాకుండా వేరే పద్ధతి ఎందుకు వాడలేదు?' ఇక్కడ సగం మంది ఆగిపోతారు. మూడోది, 'ఎక్కడ ఫెయిలైంది?' కొనుక్కొచ్చిన ప్రాజెక్టు ఎక్కడా ఫెయిలవదు కదా, అందుకే అక్కడ దొరికిపోతారు.

ఇవేం కొత్త ప్రశ్నలు కావు. క్లాసులో పక్కవాళ్లు 'ఎందుకు?' అని అడిగితే మూడేళ్లు జవాబు చెప్పుకుంటూ వచ్చినవాళ్లకు ప్యానెల్ ఇంకో ఇద్దరు పక్కవాళ్లు, అంతే. మూడేళ్లు నోరు తెరవకుండా రాసుకున్నవాళ్లకు ఆఖరి నెలలో సీఆర్టీ ట్రైనింగ్ పెట్టి 'కాన్ఫిడెంట్‌గా మాట్లాడండి' అంటే ఎలా వస్తుంది? గ్రూప్ డిస్కషన్‌ను ట్రైనర్ దగ్గర డబ్బులు కట్టి నేర్చుకోవడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. అరవై మంది రోజూ ఒకే గదిలో కూర్చుంటారు, కానీ మాట్లాడుకోనివ్వరు.

ఇంజినీరింగ్ వాళ్లు ఇంకోటి గమనించాలి. 2014లో భారత్ వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్య దేశమయ్యాక, ఎన్‌బీఏ గుర్తింపు 'విద్యార్థికి ఏం చెప్పారు' అని కాకుండా 'విద్యార్థి ఏం చేయగలడు' అని చూస్తుంది. మీ సిలబస్‌లో ప్రతి సబ్జెక్టు మొదట్లో 'కోర్స్ అవుట్‌కమ్స్' అని ఐదారు వాక్యాలుంటాయి. ఎవరూ చదవరు. అవి చదివి ఒక్కోదాని ఎదుట 'నేనిది చేయగలనా?' అని టిక్ పెట్టుకోండి. ఖాళీగా ఉన్న గడులే మీ ప్రిపరేషన్ లిస్టు.

అసలు అడ్డంకి పరీక్షే

లెక్చరర్ల వైపు నుంచీ చూడాలి. చాలాచోట్ల గెస్ట్, పార్ట్‌టైం వాళ్లతోనే డిపార్ట్‌మెంట్లు నడుస్తాయి. పీరియడ్ల లెక్కన జీతం వచ్చే మనిషిని రాత్రి కూర్చుని ప్రశ్నలు తయారుచేయమనడం న్యాయమా? 2016-17లో సీబీసీఎస్ వచ్చాక సెమిస్టర్ పొట్టిదైంది, సిలబస్ కాలేదు. 2007లో నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో పాలమూరు యూనివర్సిటీ పుట్టాక పేపర్లు ఉస్మానియా నుంచి మన దగ్గరికే వచ్చాయి. అంటే మార్చుకునే అధికారం కూడా దగ్గరికొచ్చినట్టే. కానీ పేపర్లో 'వివరింపుము' తరహా ప్రశ్నలే రాజ్యమేలినంత కాలం డిక్టేషన్ ఇచ్చే సారే మంచి సార్. ఫ్లోరైడ్ ప్రశ్న లాంటిది యూనివర్సిటీ పేపర్లో ఒక్కటొస్తే చాలు, తర్వాతి సెమిస్టర్ నుంచి క్లాసు దానంతటదే మారుతుంది. నా దృష్టిలో టీచర్లకు వంద ఓరియంటేషన్ ప్రోగ్రాములు పెట్టడం కన్నా ఇది చవక.

అప్పటిదాకా మీరు చేయగలిగినవి లేకపోలేదు. న్యాక్‌కు వెళ్తున్న కాలేజీ అయితే స్టూడెంట్ శాటిస్ఫాక్షన్ సర్వే పేరుతో మీ మెయిల్‌కే ప్రశ్నలొస్తాయి. 'అన్నీ బాగున్నాయి' అని కళ్లు మూసుకుని టిక్ పెట్టకుండా క్లాసులో జరిగేది రాయండి. ఇంటర్నల్స్ మార్కులు సార్ల చేతిలోనే ఉంటాయి కాబట్టి, ఒక అసైన్‌మెంటును కాపీ రాయడానికి బదులు జట్టుగా ప్రెజెంట్ చేస్తామని అడగొచ్చు. అడిగే తీరు ముఖ్యం. 'మీ పద్ధతి బాలేదు సార్' అంటే ఎవరికైనా మండుతుంది. 'సార్, చివరి పది నిమిషాలు మాకొక ప్రశ్న ఇవ్వండి, మేమే తేల్చుకుంటాం' అంటే కాదనేవాళ్లు తక్కువ. సెమిస్టర్ మొదటి రెండు వారాల్లోనే అడగండి. పరీక్షలు దగ్గరపడ్డాక సిలబస్ తప్ప ఏదీ వినపడదు.

అదీ కుదరకపోతే బస్టాండ్‌లో బస్సు కోసం ఆగే ఆ నలభై నిమిషాలున్నాయి. ముగ్గురు చాలు. రోజుకొకరు ఆ రోజు పాఠంలోంచి ఒక ప్రశ్న తేవాలి. జవాబు చూడకుండా ముందు ఎవరికి వాళ్లు పేపర్ మీద రాయాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. రాయకుండా మొదలుపెడితే గట్టిగా మాట్లాడేవాడే గెలుస్తాడు.

మొదటి వారానికి ప్రశ్నలు దొరక్కపోతే ఇవి తీసుకోండి. బీకాం వాళ్లకు: కొట్టు లెక్కల్లో ఈ ఏడాది ఫర్నిచర్ మీద 10,000 రూపాయల తరుగుదల రాశారు, బ్యాంకులో డబ్బు ఎంత తగ్గుతుంది? కంప్యూటర్స్ వాళ్లకు: ఒక టేబుల్లో 3 వరుసలు, ఇంకోదాంట్లో 4 వరుసలు ఉన్నాయి, ఏ షరతూ పెట్టకుండా రెండింటినీ జాయిన్ చేస్తే ఎన్ని వరుసలొస్తాయి? ఫిజిక్స్ వాళ్లకు: గ్లాసులో అంచు దాకా నీళ్లు, పైన ఐసు ముక్క తేలుతోంది, ఐసు కరిగితే నీళ్లు పొర్లుతాయా? జవాబులు ఇక్కడ ఇవ్వట్లేదు.